సరుకు ఆగిపోయిన గెలాక్సీలు: గుంపులో చేరాక కొత్త నక్షత్రాలు ఎందుకు పుట్టవు?

దుకాణం మూతపడటానికి రెండు దారులుంటాయి. ఒక రాత్రి ఎవరో తాళం పగలగొట్టి సరుకంతా ఎత్తుకుపోవచ్చు. లేదంటే హోల్‌సేల్ బజారు నుంచి రావాల్సిన సరుకు ఆగిపోయి, ఉన్నదాన్నే అమ్ముకుంటూ అమ్ముకుంటూ చివరికి ఓ రోజు షట్టర్ దించేయాల్సి రావచ్చు. రోడ్డు మీద నిలబడి చూసేవాళ్లకి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. షట్టర్ మూసి ఉంది, అంతే. లోపల ఏం జరిగిందో తెలియాలంటే ఖాళీ అరలు చూడాలి, ఖాతా పుస్తకం తిరగేయాలి.

ఖగోళ శాస్త్రవేత్తలు ఇలాంటి మూసిన షట్టర్ల ముందు యాభై ఏళ్లుగా నిలబడి ఉన్నారు. ఆ దుకాణాలు గెలాక్సీలు. అక్కడి సరుకు హైడ్రోజన్ వాయువు. ఆ సరుకుతో తయారయ్యేవి నక్షత్రాలు. ఒంటరిగా ఉన్న గెలాక్సీల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ నక్షత్రాలను తయారు చేస్తూనే ఉన్నాయి. వందలూ వేలూ కలిసి ఒకచోట గుమిగూడిన గెలాక్సీల్లో మాత్రం చాలావాటి షట్టర్ ఎప్పుడో పడిపోయింది. దోపిడీ జరిగిందా, సరఫరా ఆగిందా? ఈ ఒక్క ప్రశ్న చుట్టూ ఎన్ని టెలిస్కోపులు, ఎన్ని ఉపగ్రహాలు పనిచేశాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అందులో ఒకటి మన శ్రీహరికోట నుంచే వెళ్లింది.

ముందు గెలాక్సీ అంటే ఏమిటో రెండు మాటల్లో చూద్దాం. మనం ఉన్నది పాలపుంత అనే గెలాక్సీలో. ఉర్దూలో కహ్‌కషాఁ అంటారు. ఇందులో కనీసం 10 వేల కోట్ల నక్షత్రాలున్నాయని అంచనా, వాటిలో మన సూర్యుడు ఒకటి. పాలపుంత పళ్లెంలా చదునుగా ఉండి, నీళ్లలో సుడి తిరిగినట్టు చేతులు చాచి ఉంటుంది. ఇలాంటి వాటినే సర్పిల గెలాక్సీలు, ఇంగ్లిష్‌లో స్పైరల్ గెలాక్సీలు అంటారు. మనకు దగ్గర్లో ఉన్న పెద్ద సర్పిల గెలాక్సీ ఆండ్రోమెడా. చీకటి బాగా ఉన్న ఊళ్లో చలికాలం సాయంత్రం ఇది మామూలు కళ్లకే మసకగా కనిపిస్తుంది. ఇస్ఫహాన్‌లో పనిచేసిన అబ్దుర్రహ్మాన్ అల్-సూఫీ 964లో రాసిన నక్షత్రాల గ్రంథంలో దీన్ని చిన్న మేఘంగా నమోదు చేశారు. ఆ మేఘం పాలపుంత బయట, సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరో గెలాక్సీ అని తేలడానికి ఆ తర్వాత దాదాపు వెయ్యేళ్లు పట్టింది. కాంతి సంవత్సరం అంటే కాలం కాదు, దూరం. వెలుతురు ఒక ఏడాదిలో వెళ్లే దూరం, సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు.

రంగు చెప్పే వయసు

గెలాక్సీలో నక్షత్రాలు పుడుతున్నాయో లేదో ఇంత దూరం నుంచి ఎలా తెలుస్తుంది? రంగును బట్టి. చాలా పెద్ద నక్షత్రాలు నీలంగా, భగభగా మండుతాయి. అంత ఖర్చు పెట్టేవాళ్ల దగ్గర డబ్బు నిలవనట్టే వాటి ఇంధనం కూడా నిలవదు. కొన్ని లక్షల ఏళ్ల నుంచి కొన్ని కోట్ల ఏళ్లలోనే అయిపోతాయి. ఆకాశం లెక్కల్లో అది మధ్యాహ్నం కునుకు పాటి సమయం. చిన్న నక్షత్రాలు పొదుపుగా మండుతాయి. సూర్యుడి ఆయుష్షు సుమారు 1,000 కోట్ల ఏళ్లు, అంతకంటే చిన్న ఎర్రటి నక్షత్రాలకు ఇంకా ఎక్కువ.

కాబట్టి ఒక గెలాక్సీ చేతులు నీలంగా మెరుస్తున్నాయంటే అక్కడ ఈమధ్యే నక్షత్రాలు పుట్టాయని అర్థం. పుట్టుక ఆగిపోతే మొదట ఆ నీలం పోతుంది. మిగిలిన ముసలి నక్షత్రాల పసుపు, ఎరుపు వెలుతురు మిగులుతుంది. గెలాక్సీ కూలిపోదు, ఆరిపోదు. లోపల వేల కోట్ల నక్షత్రాలు వెలుగుతూనే ఉంటాయి. కొత్తవి రావు, అంతే. పత్రికల్లో తరచూ ‘చనిపోయిన గెలాక్సీ’ అని రాస్తుంటారు. ఆ మాట కొంచెం ఎక్కువే. పిల్లలందరూ పెద్దవాళ్లైపోయి, ఇక కాన్పులు లేని ఇల్లు అంటే సరిగ్గా ఉంటుంది.

పాలపుంత ఇప్పుడు ఏడాదికి సుమారు ఒకటి రెండు సూర్యుల బరువున్న వాయువును నక్షత్రాలుగా మారుస్తోంది. వినడానికి ఇది చాలా తక్కువ. అసలు ఇబ్బంది నిల్వల దగ్గర ఉంది. మనకు దగ్గర్లోని సర్పిల గెలాక్సీలను కొలిచి చూస్తే, వాటిలో నక్షత్రం కావడానికి సిద్ధంగా, చల్లగా, చిక్కగా ఉన్న వాయువు ఇదే వేగంతో వాడితే సుమారు 200 కోట్ల ఏళ్లకు సరిపోతుంది. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్లు. అంటే బయటి నుంచి కొత్త సరుకు వస్తూ ఉండకపోతే ఈ దుకాణాలన్నీ ఎప్పుడో మూతపడి ఉండాలి. ప్రతి పెద్ద గెలాక్సీ చుట్టూ పలుచని వాయువు ఒక పెద్ద గుళ్లలా కమ్ముకుని ఉంటుంది. అది నెమ్మదిగా చల్లబడి లోపలి పళ్లెంలోకి దిగుతూ ఉంటుంది. గోడౌన్ అదే. ఈ గోడౌన్ సంగతి గుర్తుంచుకోవాలి, దీంతో తర్వాత పెద్ద పని ఉంది.

గుంపులోకి వెళితే ఏమవుతుంది?

గెలాక్సీలు ఆకాశమంతా సమానంగా పరుచుకుని ఉండవు. కొన్నిచోట్ల వందలు, వేలు కలిసి ఒకదాని ఆకర్షణలో ఒకటి చిక్కుకుని తిరుగుతుంటాయి. వీటిని క్లస్టర్లు అంటారు. మనకు దగ్గరి పెద్ద క్లస్టర్ కన్యారాశి వైపు కనిపించే వర్గో క్లస్టర్. దూరం సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాలు, లోపల వెయ్యికి పైగా గెలాక్సీలు. దాని మధ్యలో ఉన్న ఎం87 అనే గెలాక్సీ పేరు చాలామంది వినే ఉంటారు. 2019లో తొలిసారి విడుదలైన బ్లాక్ హోల్ ఫోటో దాని నడిబొడ్డులోనిదే. మరింత జనసమ్మర్దం ఉన్నది కోమా క్లస్టర్, సుమారు 32 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో.

1980లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త అలన్ డ్రెస్లర్ 55 క్లస్టర్లలోని సుమారు 6,000 గెలాక్సీలను ఓపికగా ఒక్కొక్కటీ చూసి, ఏ ఆకారంలోవి ఎక్కడ ఉన్నాయో లెక్కేశారు. గుంపుకు దూరంగా, ఖాళీగా ఉన్న చోట పది గెలాక్సీల్లో సుమారు ఎనిమిది సర్పిల గెలాక్సీలే. గుంపు నడిమధ్యలో పదింటికి ఒక్కటి దొరకడం కష్టం. అక్కడంతా గుండ్రటి గెలాక్సీలు, ఇంకా ‘లెంటిక్యులర్’ అనే రకం. లెంటిక్యులర్ అంటే పళ్లెం ఆకారం అలాగే ఉంటుంది గానీ చేతులుండవు, నీలం ఉండదు, వాయువు దాదాపు ఉండదు. చూడగానే ఒకప్పటి సర్పిల గెలాక్సీ ఏమో అనిపించే రూపం.

అనిపిస్తే చాలదు కదా. అవి మొదటి నుంచే అలా పుట్టాయేమో? దీనికి జవాబు అంతకు రెండేళ్ల ముందే, 1978లో మొదలైంది. హార్వే బుచర్, ఆగస్టస్ ఓమ్లర్ అనే ఇద్దరు చాలా దూరంలో ఉన్న రెండు క్లస్టర్లను చూశారు. ఆకాశంలో దూరం చూడటమంటే గతాన్ని చూడటమే. ఆ వెలుతురు బయలుదేరి 400 కోట్ల ఏళ్లు దాటింది. ఇప్పటి క్లస్టర్లలో అరుదుగా ఉండే నీలం గెలాక్సీలు ఆ పాత క్లస్టర్లలో బోలెడు కనిపించాయి. తర్వాత హబుల్ టెలిస్కోపు స్పష్టమైన ఫోటోలు తీసినప్పుడు వాటిలో చాలావరకు సర్పిల గెలాక్సీలేనని తేలింది. అంటే ఒకప్పుడు దుకాణాలు తెరిచే ఉన్నాయి. మధ్యలో ఏదో జరిగింది.

ఆ మధ్య కాలపు గెలాక్సీలకూ ఒక పేరుంది. కెనడాలో పనిచేసిన సిడ్నీ వాన్ డెన్ బర్గ్ 1976లో, చేతులు ఉండి కూడా కాంతి మందగించిన సర్పిల గెలాక్సీలను ‘అనీమిక్’ అన్నారు. మన ఇళ్లలో డాక్టరు దగ్గర్నుంచి వచ్చి చెప్పే మాటే, రక్తం తగ్గింది.

మొదటి అనుమానితుడు: గాలి

1970 డిసెంబరు 12న కెన్యా తీరం దగ్గరి వేదిక నుంచి ఉహురు అనే ఉపగ్రహం ఎగిరింది. ఆ రోజు కెన్యా స్వాతంత్ర్య దినం, స్వాహిలీ భాషలో ఉహురు అంటే స్వేచ్ఛ. ఆకాశంలో ఎక్స్-రేలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకడం దాని పని. గెలాక్సీల క్లస్టర్లు ఎక్స్-రేలలో ధగధగా మెరుస్తున్నాయని దాని ద్వారా తెలిసింది. కారణం, గెలాక్సీల మధ్య ఖాళీ అనుకున్న చోటంతా వేడి వాయువు నిండి ఉంది. ఎంత వేడి? కోటి డిగ్రీల నుంచి 10 కోట్ల డిగ్రీల దాకా. సూర్యుడి నడిమధ్యలో ఉండేది సుమారు కోటిన్నర. ఒక పెద్ద క్లస్టర్‌లో ఉన్న నక్షత్రాలన్నీ కలిపి తూచినా ఈ వాయువు బరువే ఎక్కువ. అయినా అది ఎంత పలుచన అంటే, ఒక లీటరు చోటులో ఒకటి నుంచి పది కణాలు. మనం పీల్చే గాలిలో ఒక చెంచాడు చోటులోనే లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి.

1972లో జేమ్స్ గన్, రిచర్డ్ గాట్ ఈ వాయువును చూసి ఒక లెక్క వేశారు. క్లస్టర్‌లోకి పడే గెలాక్సీ సెకనుకు వెయ్యి కిలోమీటర్లు, ఒక్కోసారి అంతకు మించి వేగంతో దూసుకెళుతుంది. భూమి చుట్టూ తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహం వేగం సెకనుకు ఎనిమిది కిలోమీటర్ల లోపే. గాలి ఆడని రోజున కూడా బైక్ మీద వెళితే ముఖానికి గాలి కొడుతుంది, దుపట్టా వెనక్కి ఎగురుతుంది. గాలి కదలకపోయినా బండి కదులుతోంది కాబట్టి. పైగా వేగం రెట్టింపైతే ఆ ఒత్తిడి నాలుగు రెట్లు అవుతుంది. క్లస్టర్ వాయువు ఎంత పలుచనైనా, వేగం అంత ఉంటే ఆ ఒత్తిడి గెలాక్సీ తన వాయువును పట్టుకున్న పట్టు కంటే బలంగా ఉంటుందని వాళ్లు చూపించారు. దీన్నే ర్యామ్ ప్రెజర్ స్ట్రిప్పింగ్ అంటారు. తెలుగులో ఎదురుగాలి ఒలిచేయడం అనుకోవచ్చు.

మరి నక్షత్రాలు ఎందుకు ఎగిరిపోవు? గాలికి దుమ్ము లేస్తుంది, రాళ్లు లేవవు. గెలాక్సీలో నక్షత్రాలు చాలా చిన్న, చాలా బరువైన గుళికలు, ఒకదానికొకటి ఎంతో దూరంలో ఉంటాయి. వేడి వాయువు వాటి సందుల్లోంచి వెళ్లిపోతుంది. చల్లటి హైడ్రోజన్ మాత్రం తెరచాపలా పరుచుకుని ఉంటుంది కాబట్టి గాలికి దొరుకుతుంది. అందులోనూ పళ్లెం అంచుల్లో ఉన్నదాని మీద గెలాక్సీ పట్టు తక్కువ, అది ముందు పోతుంది. మధ్యలో చిక్కటి మేఘాలుగా ఉన్నది చివరిదాకా పట్టుకుని ఉంటుంది. ఈ వివరం చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పనికొచ్చే ఆనవాలు. గాలి చేసిన పనైతే నక్షత్రాల పుట్టుక బయటి నుంచి లోపలికి ఆగుతూ రావాలి.

అమెరికాలోని న్యూ మెక్సికోలో 27 యాంటెనాల రేడియో టెలిస్కోపు వీఎల్‌ఏ ఉంది. దానితో వర్గో క్లస్టర్‌లోని 53 గెలాక్సీల హైడ్రోజన్‌ను విడివిడిగా మ్యాపు చేశారు, ఫలితాలు 2009లో వచ్చాయి. క్లస్టర్ మధ్యకు దగ్గరగా ఉన్నవాటిలో చాలావాటికి నక్షత్రాల పళ్లెం మామూలుగానే ఉంది, వాయువు పళ్లెం మాత్రం అంచులు కత్తిరించినట్టు చిన్నగా ఉంది. సరిగ్గా గన్, గాట్ చెప్పినట్టే. ఏడు గెలాక్సీలకు వాయువు ఒకవైపే పొడవాటి తోకగా సాగి ఉంది. ఆ తోకలు దాదాపుగా ఎం87 ఉన్న దిక్కుకు వ్యతిరేకంగా ఉన్నాయి. అంటే అవి ఇప్పుడిప్పుడే లోపలికి పడుతున్నాయి, గాలి ఎదురుగా కొడుతోంది.

అన్నిటికంటే ఎక్కువ ఫోటోలకెక్కింది ఈఎస్ఓ 137-001. ఇది నార్మా క్లస్టర్‌లో, సుమారు 22 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. గంటకు సుమారు 70 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళుతోంది. వెనక ఎక్స్-రేలలో కనిపించే తోక 2.6 లక్షల కాంతి సంవత్సరాల పొడవు, అంటే పాలపుంత వెడల్పుకు రెండు రెట్లకు పైనే. ఇలాంటి వాటిని సముద్రంలో తీగలు వేలాడేసుకుని తేలే జంతువును చూసి జెల్లీఫిష్ గెలాక్సీలు అంటున్నారు. కోమా క్లస్టర్‌లో డీ100 అనే గెలాక్సీ ఉంది. దాని తోక దాదాపు రెండు లక్షల కాంతి సంవత్సరాల పొడవు, వెడల్పు మాత్రం సుమారు 7,000. అంచుల్లో ఉన్నదంతా పోయి, నడుమ మిగిలిన చివరి వాయువు సన్నటి దారంలా కారిపోతోంది. దోపిడీ ఆఖరి దశ అన్నమాట.

విచిత్రం ఏమిటంటే ఆ పోతున్న తోకల్లోనే కొన్నిచోట్ల వాయువు గడ్డకట్టి కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. పుట్టింది ఏ గెలాక్సీలోనూ కాదు, రెండిటి మధ్య దారిలో. తల్లి గెలాక్సీ ముందుకు వెళ్లిపోతుంది.

ఇటలీలోని పడోవా ఖగోళ శాస్త్రవేత్త బియాంకా పోజియాంటి బృందం చిలీలోని పెద్ద టెలిస్కోపుతో ఈ జెల్లీఫిష్‌లను వరుసగా పరిశీలిస్తోంది. 2017లో వాళ్లు చెప్పిన సంగతి అందరినీ ఆశ్చర్యపరిచింది. బాగా పొడవైన తోకలున్న ఏడు గెలాక్సీలను చూస్తే, ఆరింటి నడుమ ఉన్న బ్లాక్ హోల్ చురుగ్గా వాయువును మింగుతోంది. ఎదురుగాలి కొంత వాయువును బయటికి ఊదేస్తూనే, కొంతదాన్ని లోపలికి నెడుతోందని వాళ్ల వివరణ.

మన వైపు నుంచి ఇక్కడే ఒక లంకె ఉంది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ-30 రాకెట్ మీద ఆస్ట్రోశాట్ వెళ్లింది. అందులో యువీఐటీ అనే అతినీలలోహిత టెలిస్కోపు ఉంది. కొత్తగా పుట్టిన నక్షత్రాలు అతినీలలోహితంలో బాగా కనిపిస్తాయి కాబట్టి ఈ పనికి అది సరిపోయింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ పరిశోధకులు పోజియాంటి బృందంతో కలిసి జేఓ201 అనే జెల్లీఫిష్‌ను దీనితో చూశారు. అది సుమారు 70 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఏబెల్ 85 క్లస్టర్‌లో, సెకనుకు 3,000 కిలోమీటర్లకు పైగా వేగంతో దాదాపు మన వైపే దూసుకొస్తోంది. ఒలిచిన వాయువులో అక్కడక్కడా కొత్త నక్షత్రాల ముద్దలు కనిపించాయి. నడిమధ్యలో మాత్రం, బ్లాక్ హోల్ చుట్టూ, ఒక ఖాళీ గుంట. అక్కడ కొత్త నక్షత్రాలు దాదాపు లేవు. బ్లాక్ హోల్ వెదజల్లే శక్తి చుట్టుపక్కల వాయువును చెదరగొట్టి ఉంటుందని వాళ్లు రాశారు.

ఆ బెంగళూరు సంస్థను నిలబెట్టిన వైను బప్పు పెరిగింది హైదరాబాద్‌లో, చదివింది నిజాం కాలేజీలో. ఆయన తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. నవాబ్ జఫర్ జంగ్ సొంత ఆసక్తితో మొదలుపెట్టిన అబ్జర్వేటరీ అది. నగరంలో ఇప్పుడు ఎంతమందికి ఆ పేరు గుర్తుందో గానీ.

రెండో అనుమానితుడు: ఆగిన సరఫరా

ఇంత అందమైన ఫోటోలు చూశాక కేసు తేలిపోయినట్టే అనిపిస్తుంది. గాలే దొంగ. అయితే ఫోటోకు ఒక పక్షపాతం ఉంటుంది. రాత్రికి రాత్రి జరిగిన దొంగతనం పేపర్లో వస్తుంది, మూడేళ్లుగా సరుకు రాక మెల్లగా మూతపడిన దుకాణం రాదు. గెలాక్సీల విషయంలోనూ తోక ఉన్నదాన్నే అందరూ చూస్తారు.

1980లో రిచర్డ్ లార్సన్, బియాట్రిస్ టిన్స్‌లీ, నెల్సన్ కాల్డ్‌వెల్ కలిసి రాసిన వ్యాసం వేరే దారి చూపించింది. టిన్స్‌లీ న్యూజిలాండ్‌లో పెరిగిన శాస్త్రవేత్త. గెలాక్సీలు ఎప్పుడూ ఒకేలా ఉండవు, కాలంతో రంగు, వెలుతురు మారతాయి అని గట్టిగా లెక్కలతో నిలబెట్టినవారిలో ముందువరుసలో ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే, 40 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో చనిపోయారు. వాళ్ల వాదన ఇది: క్లస్టర్ గెలాక్సీ పళ్లెంలోని వాయువును లాక్కోనక్కర్లేదు. చుట్టూ గుళ్లలా ఉన్న ఆ పలుచని వాయువును లాగేస్తే చాలు. అది ఎలాగూ వదులుగా ఉంటుంది, కొద్దిపాటి గాలికే పోతుంది. గోడౌన్ పోయింది, దుకాణం మాత్రం తెరిచే ఉంది. లోపల ఉన్న సరుకుతో కొన్ని వందల కోట్ల ఏళ్లు వ్యాపారం సాగుతుంది. తర్వాత ఆగుతుంది. తోక ఉండదు, ఫోటో ఉండదు.

ఈ రెండు కథల్లో ఏది ఎక్కువ జరిగిందో ఎలా తేల్చాలి? దీనికి దొరికిన ఉపాయం నిజంగా బాగుంది, ఆస్ట్రోనమీ రానివాళ్లకూ అర్థమవుతుంది. పొయ్యి మీద టీ డికాక్షన్ మరుగుతోంది అనుకుందాం. పైనుంచి నీళ్లు పోస్తూ ఉంటే ఎంతసేపు మరిగినా చిక్కదనం పెద్దగా పెరగదు. నీళ్లు పోయడం ఆపేసి మరిగిస్తూ పోతే చిక్కబడుతూ, చేదెక్కుతూ వస్తుంది. మరిగే మధ్యలోనే గిన్నె బోర్లిస్తే, మిగిలిన చుక్కలు పలుచగానే ఉంటాయి.

నక్షత్రాలు పుట్టి, మండి, చనిపోతూ ఆక్సిజన్, ఇనుము వంటి బరువైన మూలకాలను వాయువులోకి వదులుతాయి. హీలియం కంటే బరువైన ప్రతిదాన్నీ ఖగోళ శాస్త్రవేత్తలు లోహం అనేస్తారు, వాళ్ల భాషలో ఆక్సిజన్ కూడా లోహమే. బయటి నుంచి స్వచ్ఛమైన వాయువు వస్తుంటే ఆ లోహాలు పలుచబడుతుంటాయి. సరఫరా ఆగి, ఉన్నదానితోనే నక్షత్రాలు పుడుతూ పోతే లోహాల పాలు పెరుగుతుంది, ఆ చివరి కాలంలో పుట్టిన నక్షత్రాల్లో అది నమోదైపోతుంది. వాయువు ఒక్కసారిగా పోతే ఆ పెరుగుదల ఉండదు.

యింగ్‌జీ పెంగ్, రాబర్టో మయోలినో, రాచెల్ కాక్రేన్ 2015లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో సుమారు 26,000 గెలాక్సీల లెక్క చూశారు. ఒకే బరువున్న రెండు రకాలను పోల్చారు: ఇంకా నక్షత్రాలు పుడుతున్నవి, ఆగిపోయినవి. ఆగిపోయిన వాటిలో లోహాలు స్పష్టంగా ఎక్కువ. సరఫరా ఆగాక సగటున 400 కోట్ల ఏళ్ల దాకా ఉన్నదానితో నెట్టుకొచ్చి మూతపడ్డాయని వాళ్ల అంచనా. డికాక్షన్ చిక్కబడింది కాబట్టి గిన్నె ఎవరూ బోర్లించలేదు. అయితే ఇందులో క్లస్టర్ గెలాక్సీలే కాదు, అన్ని చోట్లవీ ఉన్నాయి. మరీ భారీ గెలాక్సీల సంగతి వేరు, అక్కడ ఈ వాదన అంత సూటిగా నిలవదు.

సరఫరా ఎంత కీలకమో చెప్పిన మరో కొలత మన దేశంలోనే జరిగింది. పుణె దగ్గర నారాయణ్‌గావ్ ప్రాంతంలో గోవింద్ స్వరూప్ కట్టించిన జీఎంఆర్‌టీ ఉంది, ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు. హైడ్రోజన్ పరమాణువు 21 సెంటీమీటర్ల రేడియో తరంగం వదులుతుంది. చాలా దూరపు గెలాక్సీల నుంచి అది ఎంత బలహీనంగా వస్తుందంటే ఒక్కోదాన్ని విడిగా పట్టుకోవడం కుదరదు. అందుకని అక్కడి పరిశోధకులు 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదానిపై ఒకటి పేర్చి, సగటు పట్టుకున్నారు. చిట్టీల డబ్బు కూడబెట్టినట్టు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం, 800 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీలు హైడ్రోజన్ బాగానే కలిగి ఉన్నా, ఖర్చు చేసే వేగానికి ఆ నిల్వ 100 నుంచి 200 కోట్ల ఏళ్లకు మించి రాదు. ఆ గెలాక్సీలది రోజు కూలి బతుకే అని దీన్ని బట్టి అనిపిస్తుంది. పైనుంచి రావాల్సింది ఆగితే ఎంత పెద్దదైనా నిలవదు.

ఇద్దరూ కలిసి చేశారా?

ఇప్పుడు చాలామంది మొగ్గుతున్నది రెండూ కలిసిన కథ వైపు. 2013లో ఆండ్రూ వెట్జెల్, మరికొందరు కలిసి వేసిన లెక్క ఇలా ఉంది: గెలాక్సీ పెద్ద గుంపులో చేరాక 200 నుంచి 400 కోట్ల ఏళ్ల దాకా పైకి ఏమీ తెలియదు, నక్షత్రాలు మామూలుగా పుడుతుంటాయి. ఆ తర్వాత 80 కోట్ల ఏళ్ల లోపే చప్పున ఆగిపోతుంది. అప్పులున్న వ్యాపారం చాలాకాలం బాగానే నడుస్తున్నట్టు కనిపించి, ఒక్కసారిగా కూలినట్టు. మొదట గోడౌన్ పోతుంది, తర్వాత క్లస్టర్ నడుమకు వచ్చేసరికి గాలి మిగతాది ఊడ్చేస్తుంది అని దీన్ని చదవొచ్చు. పెద్ద క్లస్టర్లలో, వేగంగా సూటిగా నడుమకు పడేవాటికి గాలి దెబ్బ ఎక్కువ. చిన్న గుంపుల్లో, అంచుల్లో తిరిగేవాటికి సరఫరా ఆగడమే ఎక్కువ. కొన్నైతే పెద్ద క్లస్టర్‌కు చేరకముందే చిన్న గుంపులో ఉన్నప్పుడే సగం చిక్కిపోయి వస్తాయి. పక్క నుంచి వేగంగా దాటిపోయే గెలాక్సీల కుదుపులు కూడా పళ్లేన్ని కలియబెట్టి చేతుల్ని చెరిపేస్తాయి, దానిది తక్కువ పాత్రే.

వివాదం మాత్రం ముగియలేదు. ఏ బరువు గెలాక్సీకి, ఏ గుంపులో, ఎవరి వాటా ఎంత అన్నది ఇంకా లెక్క కుదరడం లేదు. ఒక్క క్లస్టర్‌లో పది తోకలు కనిపిస్తే అది పది గెలాక్సీల కథే. అక్కడే ఇంకా వందలు ఏ తోకా లేకుండా ఎర్రబడి కూర్చున్నాయి, వాటి సాక్ష్యం లోహాల్లోనూ రంగుల్లోనూ వెతకాలి. జెల్లీఫిష్ ఫోటో చూసి అన్ని గెలాక్సీలూ ఇలాగే ఆగిపోయాయని రాసేస్తే అది తొందరపాటే.

పాలపుంత సంగతేమిటని ఎవరైనా అడుగుతారు. మనం పెద్ద క్లస్టర్‌లో లేం. ఆండ్రోమెడా, మరికొన్ని పదుల చిన్న గెలాక్సీలతో కలిసి ఓ చిన్న బస్తీలో ఉన్నాం. ఇక్కడ 10 కోట్ల డిగ్రీల వాయువు లేదు, అంత గాలీ లేదు.

ఆ గాలిలోంచి వెళ్లి వచ్చినదాన్ని చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య తలెత్తాలి. నడినెత్తికి దగ్గరగా దెనెబోలా అనే నక్షత్రం ఉంటుంది. మన పంచాంగంలో ఉత్తర ఫల్గుణి, అసలు పేరు అరబ్బీలో ధనబ్ అల్-అసద్, సింహం తోక. దానికి తూర్పున కన్యారాశిలోకి వెళ్లే దారిలో వర్గో క్లస్టర్ ఉంది. చిన్న టెలిస్కోపు, చీకటి ఊరు ఉంటే అందులో ఎం90 అనే గెలాక్సీ మసక మరకలా దొరుకుతుంది. దాదాపు అన్ని గెలాక్సీలూ మన నుంచి దూరం జరుగుతుంటే ఇది సెకనుకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో మన వైపు వస్తోంది. క్లస్టర్ లోపల అంత జోరుగా తిరుగుతోంది కాబట్టి. బయటి చేతులు నునుపుగా, వెలిసిపోయి ఉన్నాయి. వెనక రెండు లక్షల కాంతి సంవత్సరాలకు మించిన వాయువు తోక ఉందని 2016లో తెలిసింది. గాలి దాన్ని గట్టిగా కొట్టింది 10 నుంచి 30 కోట్ల ఏళ్ల కిందట అని లెక్కలు చెబుతున్నాయి. నడిమధ్యలో మాత్రం ఇంకా నక్షత్రాలు పుడుతున్నాయి.